లేచి నిలబడగానే కేసు ముగియదు: ఒక పాడి ఆవులో పాలజ్వరం, ఆపై కీటోసిస్

హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర జాతి ఆవు, నాలుగో ఈత, బరువు అంచనాగా 420 కిలోలు. కిందటి ఈతలో పాలు బాగా ఇచ్చే రోజుల్లో రోజుకు 20 లీటర్ల దాకా పిండేవారు. సాయంత్రం మామూలుగా ఈనింది, దూడ ఆరోగ్యంగా ఉంది, మాయ కొన్ని గంటల్లోనే పడిపోయింది. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పొదుగు ఖాళీ అయ్యేదాకా జున్నుపాలు తీశారు. పొద్దున్నే దాణా పెడితే ముట్టలేదు, వెనక కాళ్లు మార్చి మార్చి వేస్తూ నిలబడింది, కాసేపటికి కూలబడింది. నన్ను పిలిచేసరికి ఈని దాదాపు 14 గంటలు.

రైతు చెప్పిన మాటల్లో రెండు నాకు ముఖ్యమనిపించాయి. మూడో ఈతలో కూడా ఈనిన మర్నాడు ఈ ఆవు కొంచెం తూలిందట, మందేమీ లేకుండానే సర్దుకుందట. రెండోది, ఈసారి వట్టిపోయిన కాలం మూడు నెలలు దాటింది. ఆ మూడు నెలలూ దాణా తగ్గించలేదు. పైగా ఈనాక కాల్షియం తక్కువ కాకూడదని చూడి కాలమంతా కాల్షియం టానిక్ పట్టించారు. ఆ విషయం చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. దీని గురించి తర్వాత చెబుతాను.

పరీక్షలో కనిపించినవి

ఆవు బోర కింద పెట్టి కూర్చుని ఉంది. మెడ ఒక పక్కకు తిరిగి తల డొక్క మీద వాలి ఉంది. తల పట్టుకుని ముందుకు లాగితే మెడలో ‘ఎస్’ ఆకారపు వంపు స్పష్టంగా తెలిసింది, వదలగానే తల మళ్లీ డొక్క మీదికే వెళ్లింది. ముట్టె పొడిగా ఉంది. చెవులు మొదళ్ల దాకా చల్లగా ఉన్నాయి, గిట్టల పైభాగమూ అంతే. ఒంటి వేడి 97.6 డిగ్రీల ఫారెన్‌హీట్. మామూలుగా 101.5 దగ్గర ఉండాలి. గుండె నిమిషానికి 92 సార్లు కొట్టుకుంటోంది, కానీ చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు బలహీనంగా వినిపించింది. కనుపాపలు విచ్చుకుని ఉన్నాయి, టార్చి వేస్తే మెల్లగా స్పందించాయి. పెద్దపొట్ట కదలిక లేదు, ఎడమ డొక్క కొంచెం ఉబ్బింది. పేడ పొద్దుటి నుంచీ లేదు.

ఈ బొమ్మ చూడగానే పాలజ్వరం రెండో దశ అని ఎవరైనా అంటారు. పేరులో జ్వరం ఉన్నా, ఇది ఈనాక రక్తంలో కాల్షియం పడిపోయి వచ్చే జబ్బు. అయినా ఈనిన ఆవు లేవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి కాబట్టి కాల్షియం బాటిల్ విప్పే ముందు కొన్ని చూసుకోవాలి. నాలుగు చన్నుల పాలూ పిండి చూశాను, గడ్డలు, నీళ్లపాలు లేవు. విషపూరితమైన పొదుగువాపులో కూడా ఆవు ఇలాగే చల్లబడి పడిపోతుంది, అది తప్పిపోతే కాల్షియంతో పని జరగదు. గర్భాశయంలో చిరుగు లేదు, రెండో దూడ లేదు. తుంటి కీలు, కటి ఎముకలు బాగున్నాయి. వెనక కాళ్ల గిట్టల మధ్య గిచ్చితే కాలు లాక్కుంది, అంటే నరం దెబ్బతినలేదు.

కాల్షియం ఎక్కించకముందే రక్తం తీసి పెట్టుకున్నాను. ఫలితం వచ్చేదాకా వైద్యం ఆపే ప్రసక్తి లేదు గానీ, మందు పడ్డాక తీసిన రక్తానికి విలువ ఉండదు. ఆవు మొదటి బాటిల్‌కే లేచిపోతే ఆ గొట్టం అక్కర్లేకపోవచ్చు. లేవకపోయినా, లేచి మళ్లీ పడిపోయినా దానికి మించిన ఆధారం ఇంకేదీ లేదు. ఈ కేసులో అదే జరిగింది.

మొదటి చికిత్స

25 శాతం కాల్షియం బోరోగ్లూకోనేట్, మెగ్నీషియం కలిసినది, 450 మి.లీ. బాటిల్‌ను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి మెడ సిరలోకి మెల్లగా ఎక్కించాను. ఒక బాటిల్లో 8, 9 గ్రాముల కాల్షియం ఉంటుంది. వంద కిలోల బరువుకు 2 గ్రాముల లెక్కన ఈ ఆవుకు అది సరిపోతుంది. ‘ఇంకో బాటిల్ కూడా పెట్టేయండి డాక్టరు గారూ, మళ్లీ పడిపోకుండా’ అన్నారు రైతు. చాలామంది ఇదే అడుగుతారు. రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కువ కాల్షియం వెళితే గుండె ఆగిపోతుంది, సూది సిరలో ఉండగానే ఆవు చచ్చిపోయిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అందుకే ఒక చేత్తో బాటిల్, చెవుల్లో స్టెతస్కోప్. 15 నిమిషాలకు తగ్గకుండా ఎక్కించాలి. గుండె తాళం తప్పితే వెంటనే గొట్టం మడిచి ఆపాలి.

సగం బాటిల్ అయ్యేసరికి డొక్క దగ్గర కండరాలు సన్నగా వణకడం మొదలైంది. గుండె చప్పుడు దగ్గరికొచ్చింది, వేగం తగ్గింది. ఒక పెద్ద తేన్పు వచ్చింది. తర్వాత ముట్టె మీద చెమట బిందువులు ఒక్కొక్కటే పైకి తేలాయి. కాల్షియం పనిచేస్తోందనడానికి నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఈ చెమట బిందువులే. బాటిల్ అయిపోయాక గట్టి పేడ వేసి, ఇంకో అరగంటకు లేచి నిలబడింది.

ఇంతలో పక్క ఇంటి పెద్దాయన పొదుగులోకి గాలి కొట్టిస్తే ఇంత ఖర్చు ఉండేది కాదన్నారు. ఆయన మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్‌కు చెందిన పశువైద్యుడు ష్మిట్, జబ్బు పొదుగులో పుట్టే విషం వల్ల వస్తుందనుకుని పొదుగులోకి పొటాషియం అయొడైడ్ ద్రావణం ఎక్కించారు. తర్వాత ఒట్టి గాలి కొట్టినా ఆవులు లేస్తున్నాయని తేలింది. పొదుగులో ఒత్తిడి పెరిగి పాలు దిగడం ఆగితే కాల్షియం బయటికి పోవడం ఆగుతుంది, అందుకే అది పనిచేసింది. అసలు లోటు రక్తంలోని కాల్షియంలో ఉందన్న సంగతి 1925 ప్రాంతంలో డ్రైయర్, గ్రెగ్‌ల కృషితో బయటపడింది. గాలి కొడితే పొదుగువాపు వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇప్పుడు దాని అవసరం లేదు.

మళ్లీ పడింది

ఆ రాత్రే ఆవు తిరిగి కూలబడింది. సాయంత్రం పొదుగు పూర్తిగా పిండారని తెలిసింది, పిండకపోతే వాపు వస్తుందని ఇంట్లో టెన్షన్. దానివల్లే పడిందని నేను అనను. సిరలోకి కాల్షియం ఎక్కించిన ఆవుల్లో దాదాపు నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పడతాయి. మనం ఎక్కించిన కాల్షియం కొన్ని గంటలపాటు రక్తంలో అవసరానికి మించి ఉంటుంది. దాంతో ఎముకల నుంచి కాల్షియం తెచ్చే పారాథైరాయిడ్ హార్మోన్ తగ్గిపోతుంది. ఎక్కించినది ఖర్చయ్యే సమయానికి శరీరం సొంతంగా తెచ్చుకునే స్థితిలో ఉండదు. అందుకే రెండు బాటిళ్లు పెడితే రెండు రెట్లు మేలన్న లెక్క తప్పు. ఆవు లేచి, సరిగా మింగగలుగుతోందని చూసుకున్నాక నోటి ద్వారా ఇచ్చే కాల్షియమే ఈ ఖాళీని పూడుస్తుంది. మగతలో ఉన్న ఆవుకు మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాతో చేతులారా చంపినట్టే.

రెండోసారి కాల్షియం ఎక్కించాక సీన్ కొంచెం మారింది. తల నిలబెట్టింది, చెవులు వెచ్చబడ్డాయి, గడ్డి అందుకుని తింటోంది, దూడను చూసి అరుస్తోంది. కానీ లేవలేకపోయింది. ముందు కాళ్ల మీద ఊతం తీసుకుని పాకుతోంది, వెనక భాగం మాత్రం కదలడం లేదు. అప్పటికి రక్త పరీక్ష వచ్చింది. 100 మి.లీ. రక్తరసంలో కాల్షియం 4.6 మి.గ్రా., మెగ్నీషియం 2.2 మి.గ్రా., భాస్వరం 1.3 మి.గ్రా. కాల్షియం 8.5 దాటి ఉండాలి, భాస్వరం 4 దాటి ఉండాలి.

పాలజ్వరంలో భాస్వరం కూడా తగ్గడం మామూలే. కాల్షియం సర్దుకుని పెద్దపొట్ట కదలడం మొదలైతే, లాలాజలం ద్వారా పొట్టలో చేరి ఉన్న భాస్వరం తిరిగి ఒంటికి పడుతుంది, లోటు దానంతటదే పూడుతుంది. ఈ ఆవులో అది జరగలేదు. మార్కెట్లో కాల్షియంతో పాటు భాస్వరం కూడా ఉందని రాసే బాటిళ్లు చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటిలో ఉండేది హైపోఫాస్ఫైట్ రూపం. శరీరం వాడుకోగలిగేది ఫాస్ఫేట్‌ను మాత్రమే. లేబుల్ చదవకుండా భాస్వరం ఇచ్చేశాం అనుకోవడం మన దగ్గర బాగా అలవాటైన పొరపాటు. కాల్షియం ఇచ్చిన కొన్ని గంటల తర్వాత సోడియం ఆసిడ్ ఫాస్ఫేట్ ద్రావణాన్ని సిరలోకి విడిగా, మెల్లగా ఎక్కించాం. రెండూ ఒకే గొట్టంలో కలిస్తే గడ్డకడతాయి. మింగడం బాగుంది కనుక తర్వాతి రెండు రోజులు ఫాస్ఫేట్‌నే నోటి ద్వారా ఇచ్చాం.

మందుకన్నా ఈ దశలో సేవ ఎక్కువ పనిచేసింది. నున్నటి బండల మీద నుంచి ఆవును ఇసుక మీదికి మార్చి, మందంగా గడ్డి పరిపించాను. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చమన్నాను. 400 కిలోల బరువు ఒకే తొడ మీద పడి ఉంటే ఆ కండరానికి రక్తం అందదు, కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది. అప్పుడు కాల్షియం, భాస్వరం రెండూ సరిపోయినా ఆవు లేవదు. ఈ ఇంటివాళ్లు రాత్రంతా వంతులవారీగా పక్క మార్చారు. మర్నాడు మధ్యాహ్నం రెండు ప్రయత్నాలు చేసి, మూడోసారికి లేచింది.

పన్నెండో రోజు

పాలు రోజుకు 18 లీటర్లకు చేరాయి. అప్పుడు మళ్లీ ఫోన్ వచ్చింది. రెండు రోజులుగా దాణా వద్దంటోంది, ఎండుగడ్డి మాత్రం తింటోంది. పాలు సగానికి పడిపోయాయి. పేడ గట్టిగా, పైన జిగురు పూసినట్టు మెరుస్తోంది. ఇంతవరకూ చదివినవాళ్లు కీటోసిస్ (మేత చాలక ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో కీటోన్లు పేరుకునే జబ్బు) అని ఊహించే ఉంటారు. దాణా మానేసి గడ్డి తినడం దాని తొలి లక్షణాల్లో ఒకటి.

కానీ ఫోన్ చేసిన అసలు కారణం వేరు. ముందు రాత్రి ఆవు గోడను గంటసేపు ఆపకుండా నాకింది, పలుపును నమిలింది, నోటి నుంచి చొంగ కార్చింది, దగ్గరికి వెళితే మీదికొచ్చింది, తర్వాత ఏమీ జరగనట్టు నిలబడింది. ‘పిచ్చికుక్క గానీ కరిచిందేమో డాక్టరు గారూ’ అని రైతు భయం.

ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చొంగ కారుస్తూ ప్రవర్తన మారిన ఏ పశువునైనా, రేబిస్ కాదని తేలేదాకా రేబిస్ అనుకునే ముట్టుకోవాలి. గ్లవ్స్ వేసుకున్నాను, నోట్లో చెయ్యి పెట్టలేదు, పిల్లల్ని కొట్టం నుంచి దూరం పంపించాం. రేబిస్‌లో లక్షణాలు రోజురోజుకూ ముదురుతాయి, మింగడం పోతుంది, గొంతు మారుతుంది, వారం పది రోజుల్లో పశువు చచ్చిపోతుంది. కీటోసిస్ నరాల మీద చూపే ప్రభావం గంటో రెండు గంటలో ఉండి పోతుంది, మళ్లీ కొన్ని గంటలకు వస్తుంది. మధ్యలో ఆవు దాదాపు మామూలుగా ఉంటుంది. అయితే చూసి తేల్చుకునే వ్యవహారం కాదిది, పరీక్ష చేయాలి.

మూత్రంలో కీటోన్లు పట్టే రోథెరా పరీక్ష చేస్తే వెంటనే ముదురు ఊదా రంగు వచ్చింది. మూత్రంలో కీటోన్లు కొత్తగా ఈనిన ఆవుల్లో కొంచెం కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి రక్తంలో కూడా చూశాను. చేతిలో పట్టే మీటరులో బీహెచ్‌బీ (రక్తంలోని ముఖ్యమైన కీటోన్) లీటరుకు 3.8 మిల్లీమోల్ వచ్చింది. 1.2 దాటితే లక్షణాలు లేని కీటోసిస్ కింద లెక్క, 3 దాటితే సాధారణంగా జబ్బు బయటపడుతుంది. గ్లూకోజ్ 100 మి.లీ.కు 31 మి.గ్రా. మాత్రమే ఉంది. ఆవు ఊపిరిలో తియ్యటి ఎసిటోన్ వాసన కూడా ఉంది. ఆ వాసన అందరి ముక్కుకూ అందదు, నా సహాయకుడికి అసలు తెలియలేదు. ఎడమ డొక్క పైన స్టెతస్కోప్ పెట్టి వేలితో కొడుతూ విన్నాను. గంట కొట్టినట్టు మోగితే నాలుగో పొట్ట పక్కకు జరిగినట్టు. కాల్షియం తగ్గిన ఆవుల్లో ఆ ప్రమాదం ఎక్కువ. ఇక్కడ మోగలేదు. గర్భాశయంలో చీము లేదు, జ్వరం లేదు.

25 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక లీటరు సిరలోకి ఇచ్చాం. దాని ప్రభావం రెండు మూడు గంటలకు మించి ఉండదు, అందుకే డెక్స్‌ట్రోజ్ ఒక్కటే ఇచ్చి వదిలేసిన కేసులు మర్నాడు మొదటికొస్తాయి. కాలేయంలో గ్లూకోజ్‌గా మారే ప్రొపైలిన్ గ్లైకాల్ రోజుకు 300 మి.లీ. చొప్పున ఐదు రోజులు నోటి ద్వారా పట్టించాం, బి12 ఇంజెక్షన్లు ఇచ్చాం. ఎక్కడా ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకున్నాక డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క మోతాదు ఇచ్చాను. ఆ సాయంత్రం నాకడం ఆగింది. మూడో రోజుకు దాణా అందుకుంది. ఐదో రోజు బీహెచ్‌బీ 0.9.

‘పాలు ఎక్కువ ఇవ్వడమే దీనికి జబ్బా?’ అని రైతు అడిగారు. సగం నిజమే. ఈనిన తొలి వారాల్లో పాలకు ఖర్చయ్యే శక్తి, తినే మేతలో వచ్చే శక్తి కంటే ఎక్కువ. ఆ లోటుకు ఆవు ఒంట్లో కొవ్వు కరుగుతుంది, కాలేయం దాన్ని పూర్తిగా వాడలేనప్పుడు కీటోన్లు తయారవుతాయి. మిగతా సగం ఆ మూడు నెలల వట్టి కాలంలో ఉంది. ఈనేటప్పటికి ఈ ఆవు కండ (ఒంటి పుష్టికి వేసే స్కోరు) 5కి 4.25 దాకా ఉంది, తోక మొదట్లో కొవ్వు చేతికి ముద్దగా తగిలింది. కొవ్వెక్కిన ఆవు ఈనాక తక్కువ తింటుంది, కొవ్వును ఎక్కువ కరిగిస్తుంది. దానికి పాలజ్వరం తోడైంది. కాల్షియం తగ్గినప్పుడు పెద్దపొట్ట కదలిక తగ్గి మేత తగ్గుతుంది, ఇన్సులిన్ కూడా తక్కువ విడుదలవుతుంది, దాంతో కొవ్వు ఇంకా కరుగుతుంది. మొదటి రోజు కూలబడడం, పన్నెండో రోజు గోడ నాకడం రెండూ ఒకే కేసు. రికార్డులో కూడా రెండిటినీ ఒకే పేజీలో రాసుకున్నాను.

ఇదే లోటు ఒక్కో పశువులో ఒక్కో వేషంలో వస్తుంది. కాల్షియం తగ్గితే ఆవు చల్లబడి మెత్తగా కూలిపోతుంది. పిల్లలకు పాలిచ్చే చిన్న జాతి కుక్కలో అదే కాల్షియం తగ్గితే ఒళ్లంతా బిగుసుకుని ఫిట్స్ వస్తాయి, జ్వరం 105 దాటవచ్చు. గొర్రెల్లో కీటోసిస్ ఈనాక కాదు, ఈనకముందే, కవల పిల్లలను మోసే చివరి వారాల్లో వస్తుంది. గేదెల్లో భాస్వరం లోటు ఈనిన కొన్ని వారాలకు ఎర్రటి మూత్రంగా బయటపడితే, చాలామంది దాన్ని పిడుదులు తెచ్చే జ్వరం అనుకుని ఆ మందే వాడతారు.

తర్వాతి చూడి కాలం

టానిక్ సంగతికి వస్తాను. చూడి చివరి రోజుల్లో కాల్షియం పట్టిస్తే అది నిల్వ ఉండి ఈనాక పనికొస్తుందని చాలామంది నమ్మకం. ఆవు ఎముకల్లో కిలోల కొద్దీ కాల్షియం ఉంది, లోటు సరుకులో లేదు. గిడ్డంగి నిండా ధాన్యం ఉండి తాళం తిరగకపోవడమే సమస్య. బయటి నుంచి దండిగా అందుతున్నంత కాలం పారాథైరాయిడ్‌కు పని ఉండదు. పది లీటర్ల జున్నుపాలలో 20 గ్రాములకు పైగా కాల్షియం పోతుంది, ఆ సమయానికి ఆవు రక్తరసంలో మొత్తం ఉండేది 2, 3 గ్రాములే. ఈనిన రోజున హఠాత్తుగా తాళం తియ్యమంటే అది ఒకటి రెండు రోజులు ఆలస్యం చేస్తుంది.

ఇంకో సంగతి మేతలోని పొటాషియం. 1997లో గాఫ్, హోర్స్ట్ ప్రచురించిన పరిశోధనలో ఈనకముందు మేతలో కాల్షియం పెంచడం కంటే పొటాషియం, సోడియం పెంచడమే పాలజ్వరాన్ని తెచ్చిపెట్టింది. పొటాషియం ఎక్కువైతే రక్తం కొంచెం క్షారం వైపు మొగ్గుతుంది, అప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పిలిచినా ఎముక, మూత్రపిండం సరిగా పలకవు. ఎరువు దండిగా వేసిన పొలంలోని లేత పచ్చిగడ్డిలో పొటాషియం బాగా ఉంటుంది, ఈ ఆవుకు ఆ మూడు నెలలూ ప్రధాన మేత అదే.

ఐదో చూడిలో ఏడో నెల నిండగానే పాలు ఆపించాం, వట్టి కాలం 60 రోజులకు కుదించాం. దాణా తగ్గించి కండ 3.5 దగ్గర నిలిపాం. ఈనడానికి మూడు వారాల ముందు టానిక్ పూర్తిగా మానిపించి, పచ్చిమేత సగం తగ్గించి ఎండుమేత పెంచాం. రక్తాన్ని క్షారం నుంచి ఆమ్లం వైపు తిప్పడానికి మెగ్నీషియం సల్ఫేట్, అమ్మోనియం క్లోరైడ్ ఉన్న మిశ్రమాన్ని దాణాలో కలిపాం. ఆ ఉప్పులు చేదు, ఆవు మొదట మూతి తిప్పుకుంది, కొంచెం కొంచెంగా అలవాటు చేయాల్సి వచ్చింది. ఇది ఇస్తే సరిపోదు, మూత్రం పీహెచ్ చూస్తూ ఉండాలి. మొదలుపెట్టకముందు 8.2 ఉన్నది వారానికి 6.6కు దిగింది. 6.2, 6.8 మధ్య ఉంటే చాలు, ఇంకా దిగితే మేత తగ్గిపోతుంది. విటమిన్ డి ఇంజెక్షన్ వాడలేదు, ఈనే తేదీ సరిగ్గా అంచనా కట్టలేకపోతే దానితో లాభం లేదు.

ఈనగానే నిలబడి ఉన్న ఆవుకు నోటి ద్వారా కాల్షియం ఒక మోతాదు, 12 గంటల తర్వాత ఇంకోటి ఇచ్చాం. మొదటి రోజు పొదుగు పూర్తిగా ఖాళీ చేయలేదు. కూలబడలేదు. ఏడో రోజు బీహెచ్‌బీ 0.8, పన్నెండో రోజు 1.0. అదే కొట్టంలో వారం తేడాతో ఈనిన ఇంకో ఆవుకు కూడా అప్పుడే మీటరు పెట్టి చూస్తే 1.7 వచ్చింది. మేత బాగానే తింటోంది, పాలు బాగానే ఉన్నాయి, ఎవరికీ అనుమానం లేదు. దానికీ ఆ రోజే ప్రొపైలిన్ గ్లైకాల్ మొదలుపెట్టించాను.